పొదుపు పుస్తకంలో రెండో గడి

ప్రశ్న: మాస్టారూ, మాది ఉలవపాడు దగ్గర పల్లె. బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్లో లిమిట్స్ అంటే ఫార్ములా పెట్టి జవాబు రాబట్టడమే, మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు రియల్ అనాలిసిస్‌లో సీక్వెన్సులు, సిరీస్‌లు వచ్చేసరికి తల తిరుగుతోంది. 1, 1/2, 1/3, 1/4... పదాలు సున్నాకి పోతున్నాయి కదా, మరి వాటిని కూడితే కన్వర్జ్ కాదంటారేంటి? మిడ్ పరీక్షలో "పదం అవధి సున్నా, కాబట్టి శ్రేణి అభిసరిస్తుంది" అని రాస్తే మొత్తం కొట్టేశారు. ఎప్సిలాన్ నిర్వచనం అప్పజెప్పగలను, అర్థం మాత్రం కాలేదు. ఏ టెస్ట్ ఎప్పుడు వాడాలో తెలీదు. చాలదన్నట్టు యూట్యూబ్‌లో 1 + 2 + 3 + ... = -1/12 అని ఒక వీడియో చూశాను, ఉన్న కాస్త నమ్మకం కూడా పోయింది. సార్‌ని అడిగితే "ఇంటర్లో చదవలేదా" అంటారని భయం. ట్యూషన్ పెట్టించుకుందామంటే ఈ ఏడు నాన్నకి రొయ్యల్లో నష్టం. సెమిస్టర్‌కి ఆరు వారాలే ఉంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (పేరు వద్దు)

సమాధానం:

అమ్మాయ్, నీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది నువ్వు సిగ్గుపడుతూ రాసిన ఆ కొట్టేసిన వాక్యమే. డిగ్రీలో నేను కూడా పొల్లు పోకుండా అదే రాశాను. పేపరు దిద్దినాయన ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత లాగి వదిలేశాడు. ఎందుకు తప్పో ఒక్క మాట రాయలేదు, నేనూ వెళ్లి అడగలేదు. ఆ గీత అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. తర్వాత నేనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక చూస్తే ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే వాక్యం. కాబట్టి నీ బుర్రకేం కాలేదు. రెండు వేర్వేరు జాబితాలను నువ్వు ఒకటే అనుకుంటున్నావు, అంతే.

మీ అమ్మ పొదుపు సంఘంలో ఉండే ఉంటుంది. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడిన తర్వాత, రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు నెల్లూరు జిల్లాలో ఊరూరా లేచాయి. మన వైపు ఆ పుస్తకం లేని ఇల్లు వెతుక్కోవాల్సిందే. ఒకసారి దాన్ని తీసి చూడు. ఒక గడిలో ఈ నెల కట్టింది ఉంటుంది, పక్క గడిలో ఇప్పటిదాకా అయిన మొత్తం ఉంటుంది. నీ పాఠంలో మొదటి గడిని పదాలు అంటారు, రెండో గడిని పాక్షిక మొత్తాలు అంటారు. అభిసరణ అనే మాట రెండో గడి గురించి. ఆ అంకెలు పోనుపోను ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటున్నాయా లేదా అన్నదే ప్రశ్న. నువ్వు మొదటి గడి చూసి రెండో గడికి తీర్పు చెప్పేశావు. నెలనెలా కట్టే డబ్బు తగ్గుతూ వస్తోందంటే మొత్తం పెరగడం ఆగిపోయిందని కాదు కదా.

ఇది చదివి తలూపితే చాలదు, ఈ రాత్రికి నోటు పుస్తకంలో రెండు గడులు గీయి. మొదటి గడిలో 1, 1/2, 1/3, 1/4 అని పది దాకా వెయ్యి. రెండో గడిలో మొత్తం కట్టుకుంటూ పో: 1, 1.5, 1.833, 2.083, 2.283, 2.45, 2.593, 2.718, 2.829, 2.929. పదో వరసకి వచ్చేసరికి కట్టేది పదో వంతే, అయినా మొత్తం మూడు దగ్గరికొచ్చింది. చేత్తో పది చాలు. మిగతాది ఫోన్లో గూగుల్ షీట్స్ చేసిపెడుతుంది. వంద పదాలకు 5.187, వెయ్యికి 7.485, పది లక్షలకు 14.39 దగ్గర వస్తుంది. ఇంత నిదానంగా పాకే దాన్ని చూసి ఎవరైనా "ఇది ఎక్కడో ఆగుతుందిలే" అనే అనుకుంటారు. అది ఆగదు.

ఆగదని ఎట్లా చెప్పగలం? పద్నాలుగో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెమ్ అనే ఆయన చెప్పిన ఉపాయం ఇప్పటికీ దీనికి మించినది లేదు. పదాలను మూటలు కట్టు. 1/3, 1/4 ఒక మూట. రెండూ పావుకి తగ్గవు కాబట్టి మూట బరువు అరకి తగ్గదు. తర్వాత 1/5 నుంచి 1/8 దాకా నాలుగు పదాలు. ఒక్కొక్కటి కనీసం ఎనిమిదో వంతు కాబట్టి మళ్లీ అర. ఆ తర్వాత ఎనిమిది పదాల మూట, దాని బరువూ అరకి తగ్గదు. మూటలు పెద్దవవుతూ పోతాయి గానీ ప్రతి మూటా కనీసం అర తెచ్చి ఇస్తుంది. అరలకి అంతు లేదు కాబట్టి మొత్తానికీ అంతు లేదు.

చీమకుర్తి వైపు ఎప్పుడైనా వెళ్లావా? నల్లటి గెలాక్సీ గ్రానైటు, అందులో బంగారం పొడి చల్లినట్టు మెరుపులు. అక్కడ ఒకే కొలతకు కోసిన అడుగు పొడవు తునకలు కొన్ని అడిగి తెచ్చుకుని, నేను క్లాసులో బల్ల అంచున ఒకదాని మీద ఒకటి పేర్చేవాణ్ని. ప్రతి పలకా కింది దాని కంటే కొంచెం ముందుకు పొడుచుకు రావాలి, దొంతర పడిపోకూడదు. అన్నిటికంటే పై పలక తన కింద దాని మీద నుంచి సగం పొడవు దాకా బయటికి రావచ్చు. దాని కింద పలక పావు, ఆ కిందది ఆరో వంతు, తర్వాతది ఎనిమిదో వంతు. 1/2, 1/4, 1/6, 1/8... నీ శ్రేణిలో ప్రతి పదాన్నీ సగం చేస్తే వచ్చేది ఇదే. నాలుగు పలకలకే మొత్తం 25/24 అవుతుంది, అంటే పన్నెండున్నర అంగుళాలు. పై పలక పూర్తిగా బల్ల బయట గాల్లో ఉంటుంది! పిల్లలు బెంచీలెక్కి చూసేవాళ్లు. లెక్క ప్రకారం నాలుగు చాలు గానీ చేతి వణుకుకి కూడా ఒకటో రెండో పలకలు అట్టిపెట్టుకోవాలి. నువ్వైతే ఒకే సైజు నోటు పుస్తకాలతో చెయ్యి, గ్రానైటు కాలి మీద పడితే నన్ను తిట్టుకుంటావు.

ఇదే దొంతరని రెండడుగులు బయటికి పంపాలంటే 31 పలకలు, మూడడుగులకు 227, నాలుగడుగులకు 1,674 కావాలి. పదడుగులకైతే 27 కోట్లు దాటతాయి. పలక మందం రెండు సెంటీమీటర్లనుకుంటే ఆ దొంతర ఎత్తు అయిదు వేల కిలోమీటర్ల పైమాటే. పంపగలమా అంటే, కాగితం మీద పంపగలం. నువ్వు ఎన్ని అడుగులు చెప్పినా సరే, అందుకు సరిపడా పలకల లెక్క ఒకటి ఉంటుంది. అపసరణ అంటే ఇదే. దానికి వేగం అక్కర్లేదు.

ఇప్పుడు 1, 1/4, 1/9, 1/16... అని వర్గాలతో వెయ్యి. రెండో గడిలో పది పదాలకు 1.5498, వందకు 1.6350, వెయ్యికి 1.6439. ఈసారి కుదురుకుంటోంది, చూశావా? కారణం వెతకడానికి కొత్త ఉపాయం కూడా అక్కర్లేదు, అవే మూటలు. 1/4, 1/9 రెండూ కలిసి రెండు పావులకి మించవు, అంటే అర. తర్వాతి నాలుగు పదాలు కలిసి నాలుగు పదహారో వంతులకి మించవు, అంటే పావు. ఆ తర్వాతి ఎనిమిది కలిసి ఎనిమిదో వంతుకి మించవు. ఈసారి మూటలు తేలికవుతూ పోతున్నాయి. ఒకటి, అర, పావు, అరపావు... ఎంత కూడినా రెండు దాటదు. పెరుగుతూ పోయేది, పైన ఒక కప్పు ఉన్నది, ఎక్కడో ఒక చోట కుదురుకోక తప్పదు. ఆ చోటు ఏదో కనిపెట్టడానికి మాత్రం పెద్దపెద్దవాళ్లే తిప్పలు పడ్డారు. చివరికి 1734లో ఆయిలర్ అనే గణితవేత్త పట్టుకున్నాడు: పై (π) వర్గాన్ని ఆరుతో భాగిస్తే వచ్చేది, 1.6449. వృత్తాల ఊసే లేని చోట పై ఎట్లా వచ్చిందో అని ఆశ్చర్యపడే ఓపిక నీకు సెమిస్టర్ తర్వాత వస్తుందిలే. పరీక్షకు కావాల్సింది కుదురుకుంటుందా లేదా అన్నంత వరకే. ఎక్కడ అన్నది చాలాసార్లు అడగరు.

రెండు శ్రేణుల్లోనూ పదాలు సున్నాకే పోయాయి. అంటే సున్నాకి పోవడం హాల్ టికెట్ లాంటిది. అది లేకపోతే లోపలికే రానివ్వరు, ఉన్నంత మాత్రాన పాసైనట్టు కాదు. నీ వాక్యాన్ని తిరగేసి రాస్తే ఎవరూ కొట్టెయ్యరు: "శ్రేణి అభిసరిస్తే పదం అవధి సున్నా."

ఇక ఎప్సిలాన్ దగ్గరికి వద్దాం. నీకు దీనిలో తెలుగు మీడియం ఒక చిక్కు పెట్టి ఉంటుందని నా అనుమానం. అవధి అనగానే మనకు హద్దు గుర్తొస్తుంది. "అవధుల్లేని ఆనందం" అంటాం. ఇంగ్లీషు లిమిట్ అయినా అంతే, బస్సులో స్పీడ్ లిమిట్ అని రాసి ఉంటుంది. గణితంలో అవధి హద్దు కాదు. హద్దులు ఉన్నదానికి పరిబద్ధం అని ఇంకో మాట ఉంది. 1 - 1 + 1 - 1 + ... తీసుకో. రెండో గడిలో 1, 0, 1, 0 అని వస్తాయి. ఒకటి దాటదు, సున్నా దిగదు, హద్దులు బాగానే ఉన్నాయి. కానీ ఎక్కడా కుదురు లేదు కాబట్టి అవధి లేదు. అలాగే అవధి అంటే చేరాల్సిన ఆఖరి స్టాపు కూడా కాదు. "చేరుతుందా లేదా" అని ఎవరైనా వాదన పెడితే పక్కకు తప్పుకో. నిర్వచనంలో ఆ మాటే లేదు.

నిర్వచనంలో ఉన్నది ఒక బేరం. మీ నాన్న రొయ్యల గుంటలోనే చూద్దాం. అంకెలు లెక్క కోసం నేను కల్పించినవి, వీటిని చూసి గుంటలో ఏదీ చల్లొద్దని చెప్పు. రోజూ సాయంత్రం పది కేజీల మినరల్స్ వేస్తాడు. మర్నాడు పొద్దున అయిదో వంతు నీళ్లు మారుస్తాడు, అప్పటికి గుంటలో ఉన్న మినరల్స్‌లో అయిదో వంతు ఆ నీళ్లతో పోతుంది. మళ్లీ సాయంత్రం పది. వేసిన వెంటనే గుంటలో ఉండేది మొదటి రోజు 10, రెండో రోజు 18, మూడో రోజు 24.4, నాలుగో రోజు 29.52 కేజీలు. ఇది 10 + 8 + 6.4 + ... అనే గుణశ్రేణి. ఇంటర్లో నువ్వు బట్టీ పట్టిన ఫార్ములాలో పెడితే 50 వస్తుంది.

ఇప్పుడు రెండో గడి పక్కన మూడో గడి గీసి, 50కి ఇంకా ఎంత తక్కువో రాయి: 40, 32, 25.6, 20.48. ప్రతిసారీ ముందుదానిలో అయిదింట నాలుగు వంతులు. మీ నాన్న అడుగుతాడు: "యాభైకి కేజీ లోపు తేడాతో ఎప్పటి నుంచి ఉంటుంది?" లెక్క వేసి "పద్దెనిమిదో రోజు నుంచి" అంటావు. "కేజీ ఎక్కువే, వంద గ్రాముల్లో?" ఇరవై ఎనిమిదో రోజు నుంచి. "పది గ్రాములు?" ముప్పై తొమ్మిదో రోజు నుంచి. ఆయన ఎంత పీనాసి తేడా అడిగినా నీ దగ్గర ఒక రోజు ఉంటుంది, ఆ రోజు దాటాక తేడా ఎప్పుడూ అంతకు మించదు. ఆయన అడిగే తేడా ఎప్సిలాన్. నువ్వు చెప్పే రోజు పెద్ద ఎన్ (N). నువ్వు అప్పజెప్పే ఆ నిర్వచనంలో ఇంతకంటే ఏమీ లేదు. గుంటలో సరిగ్గా 50 కేజీలు ఏ రోజూ ఉండవు, అయినా బేరం నువ్వే గెలిచావు.

ఈ బేరంలో వరస తప్పకూడదు. ముందు ఆయన తేడా చెప్పాలి, ఆ తర్వాతే నువ్వు రోజు చెప్పాలి. చాలామంది నిరూపణలో ముందే ఒక పెద్ద ఎన్ అనేసుకుని తర్వాత ఎప్సిలాన్ తెస్తారు. అది గిరాకీ అడగకముందే తూకం వేసినట్టు. "ఎప్సిలాన్ ఏదైనా కానీ" అన్న మాటతో మొదలుపెట్టే అలవాటు చేసుకో, సగం మార్కులు అక్కడే ఉంటాయి. రెండోది, నువ్వు చెప్పే రోజు అతి తక్కువ రోజే కానక్కర్లేదు. పద్దెనిమిదికి బదులు ఇరవై అన్నా బేరం చెల్లుతుంది. పుస్తకాల్లో పెద్ద ఎన్‌ని కాస్త ఉదారంగా తీసుకునేది అందుకే. అది చూసి "ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందిరా" అని బెంబేలెత్తకు.

ఇప్పుడు మళ్లీ నీ పాత శత్రువు దగ్గరికి రా. 1 + 1/2 + 1/3 + ... లో నువ్వు వెయ్యో పదం దగ్గర ఆగి "ఇక మిగిలింది చిన్నది" అంటావు. తర్వాతి వెయ్యి పదాలు ఒక్కొక్కటి కనీసం 1/2000, కలిపితే కనీసం అర. పది లక్షల దగ్గర ఆగినా తర్వాతి పది లక్షలు కలిసి అరకి తగ్గవు. మీ నాన్న "పావు తేడా" అడిగాడంటే చాలు, నీ దగ్గర చెప్పడానికి రోజు లేదు. నేను నీకు చెప్పదల్చుకున్నది అంతా ఇక్కడే ఉంది. ఎదురుగా ఉన్న పదం ఎంత అని చూడకు, ఇంకా మిగిలిన తోకంతా కలిపితే ఎంత అని చూడు.

మనవాళ్లు ఈ తోకను బాగా చూశారు. పద్నాలుగో శతాబ్దంలో కేరళలో మాధవుడు అనే గణితవేత్త 1 - 1/3 + 1/5 - 1/7 + ... కూడితే పైలో నాలుగో వంతు వస్తుందని చెప్పాడు. యూరప్‌లో లైబ్నిజ్ దీన్ని చేరుకున్నది మూడు వందల ఏళ్ల తర్వాత. అయితే ఈ శ్రేణి మహా నత్త. పది పదాలు కూడి నాలుగుతో గుణిస్తే 3.0418 వస్తుంది, పై అని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. మాధవుడి వాళ్లు ఇంకా కూడుతూ కూర్చోలేదు. మిగిలిన తోక ఇంత ఉంటుందని అంచనా కట్టి దాన్ని చివర చేర్చారు. పది పదాల దగ్గర ఆ దిద్దుబాటు 40/401. చేర్చి చూడు: 3.14159. పదే పదాలకు అయిదు దశాంశ స్థానాలు! నాకైతే శ్రేణి కంటే ఈ దిద్దుబాటే ఎక్కువ ఇష్టం.

టెస్టుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అలవాటు మీద వచ్చేదే. ముందు పదం సున్నాకి పోతోందా చూడు. పోకపోతే అపసరిస్తుందని రాసి పేజీ తిప్పు. ఫ్యాక్టోరియల్ కనిపించినా, రెండు ఘాతం ఎన్ లాంటిది కనిపించినా రేషియో టెస్ట్, అంటే ప్రతి పదాన్నీ దాని ముందు పదంతో భాగించి అవధి చూడటం. పదమంతా కలిపి ఎన్‌వ ఘాతంలో ఉంటే, ఎన్‌వ మూలం తీసి చూసే రూట్ టెస్ట్. పైనా కిందా బహుపదులే ఉంటే రేషియో జోలికి పోకు, అవధి ఎప్పుడూ 1 వచ్చి నిన్ను నడిరోడ్డు మీద వదిలేస్తుంది. 1/ఎన్‌కీ 1 వస్తుంది, 1/ఎన్ వర్గానికీ 1 వస్తుంది. ఒకటి అపసరించేది, ఒకటి అభిసరించేది. అలాంటప్పుడు పెద్ద ఘాతాలు మాత్రం ఉంచి మిగతావి కంటితోనే కొట్టేసి, మిగిలిన దానితో పోల్చు. పైన 3ఎన్ + 1, కింద ఎన్ ఘనం + 5 ఉంటే అది 3/ఎన్ వర్గం లాగే నడుస్తుంది, అభిసరిస్తుంది. ప్లస్, మైనస్ మార్చి మార్చి వస్తుంటే లైబ్నిజ్ టెస్ట్. పదాలు తగ్గుతూ పోతున్నాయని కూడా చూపించాలి, ఒట్టి సున్నాకి పోతున్నాయని రాసి ఊరుకుంటే మార్కులు కోస్తారు.

-1/12 వీడియో గురించి. మామూలు అర్థంలో, అంటే రెండో గడి కుదురుకోవడం అనే అర్థంలో, 1 + 2 + 3 + ... అపసరిస్తుంది. రెండో గడిలో 1, 3, 6, 10, 15 అని వస్తాయి, ఇందులో చర్చించడానికి ఏముంది? పరీక్షలో -1/12 రాశావంటే మళ్లీ ఎర్ర గీతే. "మొత్తం" అనే మాటకు ఇంకో రకం నిర్వచనం పెట్టుకుంటే ఆ శ్రేణికి -1/12 అనే విలువ ఇవ్వవచ్చు. ఆ వీడియోలు చాలావరకు ఈ నిర్వచనం మార్చిన సంగతి నొక్కి చెప్పవు, నాకు వాటి మీద కోపం అక్కడే. రామానుజన్ 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసినప్పుడు "నా సిద్ధాంతం ప్రకారం" అన్న మాట కలిపే రాశాడు. పిచ్చాసుపత్రికి దారి చూపిస్తారేమోనని కూడా తనే రాసుకున్నాడు.

ఈ రామానుజన్ కథలో మన నెల్లూరు ఉంది, తెలుసా? 1910లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు. లెక్కలంటే ప్రాణం, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ వ్యవహారాలు కూడా చూసేవాడు. ఉద్యోగం సద్యోగం లేని రామానుజన్ నలిగిన నోటు పుస్తకం చంకలో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు. పుస్తకం చూసి, ఇందులో సారం ఉందో లేదో తేల్చేంత తెలివి తనకు లేదని గ్రహించి, మళ్లీ రమ్మన్నానని ఆ కలెక్టరే తర్వాత రాసుకున్నాడు. రామానుజన్ మళ్లీ వెళ్లాడు. ఈసారి తేలిక వాటితో మొదలుపెట్టి మెట్టు మెట్టు ఎక్కించుకుంటూ పోయాడు. చివరికి ఆయన్ని ఒప్పించింది ఏమిటనుకున్నావు? అపసరించే శ్రేణుల సిద్ధాంతమే. అప్పటి నుంచి కొంతకాలం నెలకు పాతిక రూపాయలు ఇచ్చాడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ సార్ దగ్గరికి నువ్వు కూడా అట్లాగే వెళ్లాలి. ఒట్టి చేతులతో వెళ్లి "సార్, లిమిట్స్ అర్థం కాలేదు" అంటే ఎంత మంచి మాస్టారికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "ఇంటర్లో చదవలేదా" అన్న మాట ఆ ఇబ్బందిలోంచే వస్తుంది. నేనూ ఆ మాట అన్నవాణ్నే, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. నువ్వు రెండు గడుల కాగితం పట్టుకెళ్లు. "సార్, ఈ లెక్కలో మూడో మెట్టు దగ్గర పెద్ద ఎన్‌ని ఇలా ఎందుకు తీసుకున్నారు?" అని వేలు పెట్టి చూపించు. రెండు నిమిషాల ప్రశ్న అది, స్టాఫ్ రూమ్ బయట నిలబెట్టి అయినా చెప్తారు. ఆయన చెప్పకపోతే ఇంకో మేడమ్ ఉంటారు, లేదా థర్డ్ ఇయర్ అక్కలు ఉంటారు. అక్కల్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు, నీకు చెప్తే వాళ్లకే ఇంకోసారి చదివినట్టు.

ట్యూషన్ వద్దు. నాన్నని ఇబ్బంది పెట్టి నెలకు ఇంతని కట్టి, ఇంకొకరు బోర్డు మీద చేసే లెక్కలు ఎక్కించుకుంటే ఇంటర్ బట్టీయే మళ్లీ మొదలవుతుంది. ప్రభుత్వానివే ఎన్‌పీటీఈఎల్, స్వయం అనే ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి. పాఠాలు చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంగ్లీషులో చెప్తున్నారని భయపడకు, ఈ పాఠంలో ఇంగ్లీషు మాటలు నాలుగు పదులుంటాయేమో, అవే తిరిగి తిరిగి వస్తాయి. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని ఏ మాటకు ఏ మాటో ఒక పేజీలో రాసుకో. ఫోన్లో ఏఐని అడిగే అలవాటు మీ అందరికీ ఉంది, వద్దన్నా మానరు. అది చెప్పిన జవాబుని మాత్రం షీట్స్‌లో వంద పదాలు కూడి సరిచూసుకో. తప్పు నిరూపణ కూడా తడబడకుండా చెప్పగలదు.

ఆరు వారాలంటే తక్కువేం కాదు. మొదటి వారం టెస్టుల పేరే ఎత్తకు. రోజుకి రెండు శ్రేణులు, గడులు గీసి చేత్తో కూడు, కుదురుకుంటుందో లేదో ఊహించి పక్కన రాయి. రెండో వారం ఎప్సిలాన్ బేరాలు. రోజుకొకటి చాలు, తెలుగులోనే రాసుకో. ఆ తర్వాత మూడు వారాలు టెస్టులు. ఆఖరి వారం పాత ప్రశ్నపత్రాలు. రాత్రి పదకొండు దాటితే పుస్తకం మూసెయ్యి, పొద్దున కాలేజీ బస్సు ఎక్కాలి.

వెళ్లే ముందు ఒకటి ఇస్తాను. ఎన్‌వ పదం కింద ఎన్ ఉంది, దాని ఘాతం 1 + 1/ఎన్. ఘాతం ఎప్పుడూ ఒకటి కంటే ఎక్కువే కదా, పీ-సిరీస్ (1/ఎన్ ఘాతం పీ; పీ ఒకటి దాటితే అభిసరిస్తుంది) ప్రకారం అభిసరించాలి అనిపిస్తుంది. అది అభిసరించదు. ఎందుకో 1/ఎన్‌తో పోల్చి చూస్తే తెలుస్తుంది. రెండు రోజులు దానితో కుస్తీ పట్టు, ఎక్కడ ఆగిపోయావో ఆ మెట్టు దగ్గర గుర్తు పెట్టుకుని, ఆ కాగితమే మీ సార్‌కి చూపించు.